పసుపు మాత్ర ఎనకాల మనిషి

కీళ్లవాతం ఉన్నోళ్లకి నేను రాసే మందుల చీటీలో రెండు పేర్లు పక్కపక్కనే ఉంటాయి. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్. రెండూ చిన్న మాత్రలే, చాలాసార్లు రెండూ పసుపు రంగే. మొదటిది వారానికి ఒక్క రోజే వెయ్యాలి. రోజూ వేసీసుకుంటే నోరంతా పుళ్లు పడి, ఎముకల్లో మూలుగ రక్తం తయారు చెయ్యడం మానేసి, ప్రాణం మీదకి వస్తాది. రెండోది ఆ మొదటిదాని దెబ్బ కాయడానికి. ఈ రెండు మందులూ ఒక తెలుగోడు పెద్దగా ఉన్న లేబరేటరీ పనిలోంచే వచ్చాయని మా కంచరపాలెంలో ఎంతమందికి తెలుసు?

ఆయన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. పదమూడేళ్ల వయసులో కాశీ పోయి యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లొగ్గేసి బయల్దేరితే, పట్టుకొచ్చీసారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ క్లాసుకెళ్లాడని సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపం వచ్చింది. రాతపరీక్షలు బాగానే రాసినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్. ఇప్పుడైతే నీట్ ర్యాంకు దగ్గరే ఆయన కథ ఆగిపోను. మనం మార్కులు కొలుస్తున్నామా, డాక్టర్ని కొలుస్తున్నామా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోనారు. ఆగని విరేచనాలు, రక్తం ఎండిపోడం. ఆయనకీ ఆ జబ్బు వచ్చింది. అప్పుడు బతికించింది ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి. తర్వాత మామగారు కూడబెట్టిన సొమ్ము, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం పట్టుకుని 1920ల మొదట్లో బోస్టన్ వెళ్లాడు. అక్కడా ఆ ఎల్‌ఎంఎస్ పనికిరాలేదు. రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి చదువుకున్నాడు.

1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఫిస్కే, సుబ్బారో అని చదివీసే మన పిల్లలు ఆ రెండో పేరు సుబ్బారావుదని పోల్చుకోరు. 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అంత చేసినా హార్వర్డ్‌లో ఉద్యోగం ఖాయం కాలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లిపోనాడు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారు చేసింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి అది బాగా పనిచేసింది. ఆ రోజుల్లోనే ఎలకల మీద చేసిన పరిశోధనలు, ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు కేన్సర్ గడ్డల్ని తగ్గిస్తాయని చెప్తున్నాయి. బోస్టన్‌లో పిల్లల జబ్బుల పేథాలజిస్టు సిడ్నీ ఫార్బర్, లెడర్లే పంపిన అలాంటి మందుల్నే కేన్సర్ రోగులకి ఇచ్చి చూశాడు. లుకేమియా ఉన్న కొందరు గుంటలకి జబ్బు తగ్గలేదు సరికదా, బేగి ముదిరిపోయింది. ఇక్కడే అసలు సంగతి. అచ్చయిన కాగితం ఒకటి చెప్తోంది, పిల్లాడి రక్తం ఇంకోటి చెప్తోంది. వాళ్లు రక్తం మాట విన్నారు. ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందులు సుబ్బారావు మనుషులు తయారు చేశారు. అందులో అమినోప్టెరిన్‌ని 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి కొన్నాళ్లపాటు జబ్బు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది. దాని తమ్ముడే మన మెథోట్రెక్సేట్.

ఇప్పుడు మా పేషెంట్ల పిల్లలు ఫోన్లో ఈ పేరు కొట్టి చూస్తారు. కేన్సర్ మందు అని వస్తాది. అమ్మకి కేన్సర్ మందు రాసీసాడు డాక్టరని మానిపించీస్తారు. ఫోన్ అబద్ధం చెప్పలేదు, మోతాదు తేడా చెప్పలేదు అంతే. కుర్ర డాక్టర్లూ యాప్ తీసి మిల్లీగ్రాములు సరిగ్గానే చూస్తారు. కానీ ముసలమ్మకి ఏ వారం వెయ్యాలో ఎవరు చెప్తారు? చీటీ మీద ఆదివారం అని తెలుగులో రాసి, ఆవిడ చేత తిరిగి చెప్పించాలి. దీనికి రెండు నిమిషాలు పడతాది. ఆ రెండు నిమిషాలకి మన చదువులో మార్కుల్లేవు.

1947లో ఆయన లేబరేటరీనుంచే హెట్రజాన్ వచ్చింది. డీఈసీ అంటే మనోళ్లకి తెలుస్తాది. ఉత్తరాంధ్రలో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే. ఒంట్లో పురుగులున్నోళ్లకి అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి వస్తాయి. అది మందు పనిచేస్తున్న గుర్తు. ఈ ముక్క ముందే చెప్పకపోతే, పక్కింటోళ్లకి జ్వరమొచ్చిందని వాట్సాప్‌లో చూసి జనం మాత్ర జేబులో ఏసీసుకుంటారు. వాళ్లని తిట్టి ఏటి లాభం?

ఆయన బృందంలోని బెంజమిన్ డుగ్గర్ మట్టిలోంచి తీసిన ఆరియోమైసిన్ సంగతి 1948లోనే బయటికొచ్చింది. మనం వాడే టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దది. ఆ ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి పోనాడు. 53 ఏళ్లు. వెళ్లినోడు మళ్లీ ఈ దేశానికి రాలేదు. 1995లో, నూరేళ్లకి, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో ఒక బిళ్ల వేసింది.