మూడుసార్లు అన్నీ వదులుకున్న సమురాయ్

కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ఎకరం నేల ధర 100 కోట్ల రూపాయలు దాటింది. భూమి ఉన్నవాడిదే మాట, భూమి ఉన్నవాడికే మర్యాద అన్న లెక్క మన ప్రాంతానికి కొత్తది కాదు. 12వ శతాబ్దంలో పల్నాటి ఏలుబడి కోసం ఒకే తండ్రి బిడ్డలైన నలగామరాజు, మలిదేవరాజు వర్గాలు కారంపూడి దగ్గర కత్తులు దూసుకున్నాయి. ఎందరో వీరులు అక్కడ నేలకొరిగారు. 16వ శతాబ్దపు జపాన్‌లోనూ ఇదే లెక్క నడిచింది. ఆ లెక్కకు లొంగకుండా, తనకున్నదంతా ఒకసారి కాదు మూడుసార్లు వదిలేసిన సమురాయ్ ఒకడు ఆ దేశంలో ఉన్నాడు. అతని పేరు తకయామా ఉకోన్.

1467లో క్యోటో నగరంలో రాజుకున్న అంతర్యుద్ధం జపాన్‌ను నూరేళ్లకు పైగా కాల్చింది. చక్రవర్తి పేరుకే మిగిలాడు. దేశం ముక్కలై, కోటకో ప్రభువు పుట్టుకొచ్చాడు. ఈ ప్రభువులను దైమ్యోలు అంటారు. వారికోసం కత్తి పట్టేవారు సమురాయ్‌లు. ప్రభువు గొప్పతనాన్ని అతని నేలలో పండే బియ్యంతో కొలిచేవారు. ఆ కొలత పేరు కొకు. ఒక కొకు అంటే దాదాపు 180 లీటర్లు, ఒక మనిషికి ఏడాది తిండి. నిన్నటి సేవకుడు నేడు యజమానిని చంపి కోట ఎక్కేవాడు. అందుకే ఎవరి మీదా ఎవరికీ నమ్మకం లేదు. మాట తప్పకుండా ఉండేందుకు ఒకరి బిడ్డలను మరొకరు బందీలుగా పెట్టుకునేవారు.

ఆ చీకటి రోజుల్లోనే 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ అనే మిషనరీ మన గోవా నుండి బయల్దేరి జపాన్ చేరాడు. జర్మనీలో మార్టిన్ లూథర్ కన్నుమూసి అప్పటికి మూడేళ్లు. మరో మూడేళ్లకు, గోల్కొండను ఇబ్రహీం కుతుబ్ షా ఏలుతున్న కాలంలో, 1552లో ఉకోన్ పుట్టాడు.

అతని తండ్రి తకయామా తోమొతెరు ఒక చిన్న కోటకు అధిపతి. క్రైస్తవ బోధలో తప్పులు పట్టడానికి 1563లో కొందరు పండితులతో కలిసి కూర్చున్నాడు. వారికి జవాబు చెప్పడానికి వచ్చినవాడు లొరెన్సో అనే జపాన్ దేశస్థుడు. చూపు సరిగా లేదు. ఒకప్పుడు బీవా అనే తంత్రీవాద్యం వాయిస్తూ, మన బుర్రకథ కళాకారుల్లాగా వీరగాథలు పాడుకుంటూ ఊరూరా తిరిగి పొట్టపోసుకున్నవాడు. ఆ పేద గాయకుడి సాక్ష్యం కోట అధిపతి మనసును తాకింది. తప్పు పట్టడానికి వచ్చినవాడు బాప్తిస్మం తీసుకుని వెళ్లాడు. అతని ఇంటివారూ అదే దారి పట్టారు. దాదాపు 12 ఏళ్ల ఉకోన్‌కు జుస్తో అనే పేరు పెట్టారు. నీతిమంతుడు అని దాని అర్థం.

అయితే తండ్రి విశ్వాసం కొడుకుకు ఆస్తిలాగా సంక్రమించదు. ఉకోన్ కూడా ఆ కాలపు అందరి యువకుల్లాగే కత్తినే నమ్ముకుని పెరిగాడు. 1573లో తకత్సుకి కోట అధిపతి వాదా కొరెనాగాకూ తకయామా కుటుంబానికీ పడక ఒక రాత్రి కత్తులు లేచాయి. ఉకోన్‌కు ప్రాణం మీదికి వచ్చేంత గాయమైంది. మంచం పట్టి కోలుకుంటున్న ఆ రోజుల్లోనే చిన్ననాడు విన్న వాక్యం అతనిలో వేరు పట్టింది. శత్రువు చనిపోయాడు, కోట తకయామాల చేతికి వచ్చింది. క్యోటో, ఒసాకాల మధ్యనున్న తకత్సుకికి 21 ఏళ్లకే ఉకోన్ ప్రభువయ్యాడు.

అక్కడ జరిగిన ఒక సంగతి ఆ ఊరిని కదిలించింది. శవాన్ని మోయడం ఆ సమాజంలో అట్టడుగు వారి పని. అంటరానితనం అక్కడా ఉంది. అలాంటిచోట ఒక నిరుపేద చనిపోతే ప్రభువైన ఉకోన్, అతని తండ్రి ఆ శవపేటికను తమ భుజాల మీద మోశారు. ఆ తర్వాతి ఏళ్లలో తకత్సుకి ప్రాంతంలోని సుమారు 25,000 మందిలో 18,000 మంది క్రైస్తవులయ్యారని ఆనాటి మిషనరీలు రాశారు. అయితే అతని ఏలుబడిలో బౌద్ధాలయాలు, షింటో ఆలయాలు కూలిపోయాయన్న ఆరోపణను కూడా చరిత్ర నమోదు చేసింది. ప్రభువు కత్తి చేత పట్టుకుని ఉన్నప్పుడు ప్రజల మార్పులో ఎంత హృదయముందో, ఎంత భయముందో దేవునికే తెలుసు. ఉకోన్ విశ్వాసం బంగారమో ఇత్తడో తేలింది మాత్రం కోటలో ఉన్నప్పుడు కాదు, కోట పోగొట్టుకున్నప్పుడు.

మొదటి అగ్నిపరీక్ష 1578లో వచ్చింది. ఉకోన్ పైప్రభువు అరాకి మురాషిగే. అతని పైన ఓడా నొబునాగా. జపాన్‌ను ఉక్కుపాదంతో ఏకం చేస్తున్న నొబునాగాపై మురాషిగే తిరగబడ్డాడు. ఉకోన్ చెల్లెలు, కొడుకు మురాషిగే వద్ద బందీలుగా ఉన్నారు. మరోవైపు నొబునాగా కబురు పంపాడు. తకత్సుకి కోటను అప్పగించకపోతే మిషనరీలను, విశ్వాసులను చంపి ఆలయాలను కూల్చేస్తానన్నాడు. కోట అప్పగిస్తే సొంత బిడ్డ చస్తాడు, అప్పగించకపోతే సంఘం చస్తుంది. ఏ దారిలో వెళ్లినా ఎవరిదో రక్తం.

ఉకోన్ ప్రార్థనలో గడిపాడు. ఆ ప్రార్థన తర్వాత అతనికి కనబడిన మూడో దారి తనను తాను తగ్గించుకోవడం. తల వెంట్రుకలు తీసేశాడు. ప్రభువు వస్త్రాలు విప్పి కాగితంతో చేసిన అంగీ తొడుక్కున్నాడు. కోట, పదవి, కత్తి వదిలేసి నొబునాగా శిబిరానికి నడిచాడు. ఇప్పుడతను ప్రభువు కాడు, కాబట్టి మురాషిగేకు ద్రోహం చేసిన సేనానీ కాడు. తండ్రేమో బందీలను కాపాడుకోవడానికి మురాషిగే వద్దకే వెళ్లాడు. 1579లో మురాషిగే పారిపోయాక అతని కుటుంబాన్నీ, పరివారాన్నీ వందల మందిని నొబునాగా చంపించాడు. కానీ ఉకోన్ బిడ్డ, చెల్లెలు బతికారు. తండ్రి ప్రవాస శిక్షతో బయటపడ్డాడు. సంఘం నిలిచింది. తకత్సుకి కోట కూడా తిరిగి ఉకోన్‌కే దక్కింది.

కథ ఇక్కడితో ముగిస్తే చాలామందికి ఇష్టంగా ఉంటుంది. దేవునికోసం వదిలితే రెట్టింపు తిరిగొస్తుందన్న ప్రసంగానికి చక్కగా అతుకుతుంది. కానీ ఉకోన్ జీవితం అక్కడ ఆగలేదు.

1582లో నొబునాగాను సొంత సేనాని అకెచి మిత్సుహిదే మట్టుబెట్టాడు. ఆ ద్రోహికి ఎదురుగా యమజాకి యుద్ధంలో టొయొటొమి హిదెయోషి తరఫున ముందు వరుసలో పోరాడినవాడు ఉకోన్. ఆ హిదెయోషి దేశానికి ఏలిక అయ్యాడు. 1585లో ఉకోన్‌కు సముద్ర తీరంలోని అకాషి ప్రాంతం దక్కింది. అది 60,000 కొకుల నేల. పలుకుబడి పెరిగింది. గామో ఉజిసాతో వంటి పెద్ద ప్రభువులు అతని సాక్ష్యంతో ప్రభువును తెలుసుకున్నారు.

1587 జులైలో గాలి మారింది. క్యూషూ దీవిని జయించిన హిదెయోషి, క్రైస్తవం తన అధికారానికి అడ్డొస్తుందని అనుమానించాడు. మిషనరీలు దేశం వదలాలని ఆజ్ఞ ఇచ్చాడు. అదే సమయంలో ఉకోన్ వద్దకు మనుషులను పంపి, విశ్వాసమో అకాషియో ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. మనసులో ఏమున్నా పైకి సరేనంటే చాలని మిత్రులు నచ్చజెప్పారు. ఉకోన్ ఒప్పుకోలేదు. ఒక్క మాటతో 60,000 కొకుల నేల పోయింది. భార్యాబిడ్డలు అకాషి నుండి కట్టుబట్టలతో బయటపడ్డారు. అతన్నే నమ్ముకున్న సమురాయ్ కుటుంబాలన్నీ బతుకుతెరువు కోల్పోయాయి. మన నిర్ణయానికి మనతో పాటు మనవాళ్లూ వెల కట్టవలసి రావడం అన్నిటికన్నా బరువైన శోధన. ఆ బరువు ఉకోన్‌కు తెలుసు. కొన్నాళ్లు షోదోషిమా అనే దీవిలో కొనిషి యుకినాగా అనే క్రైస్తవ ప్రభువు నీడన తలదాచుకున్నాడు.

ఈసారి కోట తిరిగి రాలేదు. 1588లో కాగా ప్రాంతపు ప్రభువు మయెదా తోషియే అతన్ని పిలిచి భృతి ఇచ్చి ఆదరించాడు. ఒకనాటి ప్రభువు మరో ప్రభువు కొలువులో ఉద్యోగిగా దాదాపు 26 ఏళ్లు కనజావా పట్టణంలో గడిపాడు. అక్కడా పరిచర్య ఆపలేదు. అతను జపాన్ తేనీటి విధానంలో గొప్ప నేర్పరి. సెన్ నో రిక్యూ అనే గురువు ఏడుగురు ముఖ్యశిష్యుల్లో ఒకడిగా అతన్ని లెక్కిస్తారు. ఆ తేనీటి గది గుమ్మం చాలా చిన్నది. ఎంతటి వీరుడైనా కత్తి బయట పెట్టి, వంగి లోపలికి పోవలసిందే. ఆ నిశ్శబ్దపు గదిని ఉకోన్ తన ప్రార్థన గదిగా చేసుకున్నాడు.

మధ్యలో 1597లో నాగసాకిలో 26 మంది క్రైస్తవులను సిలువ వేశారు. 1600లో సెకిగహారా యుద్ధం జరిగి తొకుగావా ఇయెయాసు గెలిచాడు. ఓడిన పక్షంలోని కొనిషి యుకినాగా, సమురాయ్ ఆచారం ప్రకారం కడుపు చీల్చుకోవడం తన విశ్వాసానికి విరుద్ధమని నిరాకరించి శిరచ్ఛేదానికి తల వంచాడు. 1614లో ఇయెయాసు క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించాడు.

అప్పటికి ఉకోన్‌కు 60 దాటాయి. మూడోసారి అదే ప్రశ్న, అదే జవాబు. ఈసారి పోయింది భృతి, ఇల్లు, చివరికి దేశమే. భార్య, కుమార్తె, మనవలతో మంచు కొండలు దాటి నడిచాడు. 1614 నవంబరు 8న నాగసాకిలో వందల మంది విశ్వాసులతో పాటు ఓడ ఎక్కి డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లోని మనీలా చేరాడు. అక్కడి స్పానిష్ గవర్నరు ఘనంగా ఎదుర్కొని భృతి ఇస్తానన్నా ఉకోన్ ఒప్పుకోలేదు. ప్రయాణంలో నలిగిన శరీరం కొత్త వాతావరణానికి తట్టుకోలేకపోయింది. 1615 ఫిబ్రవరి మొదటి వారంలో, దిగిన రెండు నెలలకైనా ముందే, జ్వరంతో ప్రభువులో నిద్రించాడు. అదే ఏడాది ఒసాకా కోట కూలి, జపాన్‌లో సుదీర్ఘ యుద్ధయుగం ముగిసింది.

రోమన్ కాథలిక్ సంఘం 2017 ఫిబ్రవరి 7న ఒసాకాలో అతన్ని ధన్యుడిగా ప్రకటించింది. ప్రొటెస్టెంట్ విశ్వాసులమైన మనకు అతను పటంలో పెట్టుకునే వ్యక్తి కాదు, పాఠం నేర్చుకోదగిన సోదరుడు. రెండున్నర శతాబ్దాల నిషేధంలోనూ నాగసాకి పల్లెల్లో విశ్వాసం రహస్యంగా బతికింది. 1865లో ఆ కుటుంబాలు వెలుగులోకి వచ్చాయి. 1859లోనే అక్కడ అడుగుపెట్టిన ప్రొటెస్టెంట్ మిషనరీల పరిచర్యకూ, 1873లో నిషేధపు పలకలు తొలగించాక, దారి సుగమమైంది.

మొదటిసారి వదిలినప్పుడు ఉకోన్‌కు అంతా తిరిగి వచ్చింది. రెండోసారి కొంత వచ్చింది. మూడోసారి ఏమీ రాలేదు. మూడుసార్లూ అతని జవాబు మాత్రం ఒక్కటే. దానియేలు గ్రంథంలోని ముగ్గురు యువకులను తలచుకోండి. దేవుడు అగ్నిగుండం నుండి తప్పించగలడని వారు నమ్మారు. తప్పించకపోయినా విగ్రహానికి మొక్కమని కూడా రాజుకు తేల్చి చెప్పారు. తప్పించకపోయినా అన్నచోటే అసలు విశ్వాసం మొదలవుతుంది. తిరిగొస్తుందన్న లెక్కతో వదిలేది త్యాగం కాదు, పెట్టుబడి.

మనల్ని నేడు ఏ హిదెయోషీ పిలవడు. మన శోధనలు చిన్న రూపంలో వస్తాయి. లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపే సర్టిఫికెట్టు, కళ్లు మూసుకుని పెట్టమనే సంతకం, తోబుట్టువుకు తెలియకుండా జరిగిపోయే రిజిస్ట్రేషను, సంఘ ఆస్తి కోసం కోర్టుల చుట్టూ తిరిగే పెద్దరికం. ఒక్క మాట సరేనంటే ఉద్యోగం నిలుస్తుంది, వాటా పెరుగుతుంది. అబ్రాహాము తనకు హక్కున్న నేలను ముందు లోతునే ఎంచుకోమన్నాడు. లోతు పచ్చని మైదానం ఎంచుకున్నాడు, అబ్రాహాము దేవుణ్ణి పోగొట్టుకోకుండా గుడారంలో నిలిచాడు. మనం గట్టిగా పట్టుకున్నది మన చేతిలో ఉందా, లేక దాని చేతిలోనే మనం ఉన్నామా? వదలవలసిన రోజు రాకముందే ఈ ప్రశ్నకు ప్రార్థనలో జవాబు వెదుక్కోవడం మంచిది.