పదమూడేళ్లలో ఒక్క గైర్హాజరు: వాల్టర్ పేటన్ జీవితం

ప్రతి ఏడూ మన సంచికలో ఒక మహనీయుని జీవితం రాసుకోవడం ఆనవాయితీ. ఈసారి మనం కాస్త దూరం వెళ్తున్నాం. అమెరికాలో పేరు చెప్పగానే గుర్తుపట్టే, మన దగ్గర ఎక్కువమంది వినని ఒక నల్లజాతి ఆటగాడి గురించి రాస్తున్నాం. అతడి పేరు వాల్టర్ పేటన్. షికాగో బేర్స్ జట్టు తరఫున 1975 నుంచి 1987 వరకు పదమూడు సీజన్లు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. ఆ పదమూడేళ్లలో గాయం కారణంగా అతడు బరిలోకి దిగని ఆట ఒకే ఒక్కటి. రోజూ హాజరు పట్టీలో పేరు పిలిపించుకునే మనకు ఆ ఒక్క గైర్హాజరు విలువ ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముందుగా ఆట గురించి నాలుగు మాటలు. ఇది మనం ఆడుకునే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు, విసరవచ్చు. మైదానం వంద గజాల పొడవు. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో కనీసం పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. బంతిని చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తేవాడిని రన్నింగ్ బ్యాక్ అంటారు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి మీద ఏడుగురు పడతారు, ఇక్కడ పదకొండుమంది పడతారు. ఎక్కడ పడేశారో అక్కడికి కొలిచి, ఎన్ని గజాలు వచ్చాయో పుస్తకంలో రాస్తారు. వాల్టర్ పేటన్ చేసిన పని అదే. పరిగెత్తడం, పడడం, లేవడం.

ఊరు, బడి

వాల్టర్ 1950ల తొలి సంవత్సరాల్లో, జూలై 25న, మిసిసిపి రాష్ట్రంలోని కొలంబియా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి ఎడ్వర్డ్ ఫ్యాక్టరీ కార్మికుడు. తల్లి పేరు అలీన్. అన్న ఎడీ, అక్క పామెలా తర్వాత ఇంట్లో అతడే చివరివాడు.

ఆ రోజుల్లో మిసిసిపిలో నల్లవాళ్లకు ఒక బడి, తెల్లవాళ్లకు ఒక బడి. మంచినీళ్ల కుళాయిలు కూడా వేరు. మన పెద్దలు రెండు గ్లాసుల హోటళ్ల గురించి చెబితే విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. వేరు బడులు రాజ్యాంగానికి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా బడులు కదలలేదు. వాల్టర్ హైస్కూలు చదువు మొదలుపెట్టింది నల్లపిల్లల కోసమే ఉన్న జెఫర్సన్ హైస్కూలులో.

అక్కడ అతడు మొదట ఆటగాడు కాదు. బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. అన్న ఎడీ అప్పటికే జట్టులో పేరున్నవాడు కావడంతో, అన్నతో పోటీ పడడం ఇష్టంలేక పక్కనే ఉండిపోయాడు. అన్న బడి ముగించి వెళ్లాకే వాల్టర్ బంతి పట్టాడు.

1969 అక్టోబరులో మిసిసిపి బడుల కేసులోనే సుప్రీంకోర్టు ఇక ఒక్క రోజు కూడా ఆలస్యం కుదరదని తేల్చింది. 1970 జనవరిలో జెఫర్సన్ పిల్లల్ని తెల్లవాళ్ల కొలంబియా హైస్కూలులో కలిపారు. కలిపారే గాని సమానంగా కలపలేదు. జెఫర్సన్‌లో ప్రధాన కోచ్‌గా ఉన్న చార్లెస్ బోస్టన్‌ను కొత్త బడిలో సహాయ కోచ్‌ను చేశారు. దానికి నిరసనగా వాల్టర్, మరికొందరు సహచరులు కొన్నాళ్లు సాధనకు రావడం మానేశారు. ఆటల కాలం మొదలయ్యేసరికి తిరిగి వచ్చారు. అవమానం మరిచిపోయి వచ్చారని మేము అనుకోవడం లేదు. మైదానం వదిలేస్తే అదీ పోతుందని తెలిసి వచ్చి ఉంటారు. హైస్కూలు చివరి రెండేళ్లలో వాల్టర్ ఆడిన ప్రతి ఆటలోనూ పాయింట్లు తెచ్చాడు. నల్లపిల్లలు, తెల్లపిల్లలు కలిసి ఆడుతున్న ఆ జట్టు కోసం ఊరంతా ఒకే గట్టున కూర్చుని కేకలు వేసింది.

అంత ఆడినా దక్షిణ రాష్ట్రాల్లోని పెద్ద విశ్వవిద్యాలయాల నుంచి అతడికి పిలుపు రాలేదు. అవి అప్పటికి నల్ల ఆటగాళ్లను ఒకరిద్దరిని మించి తీసుకోవడం లేదు. అన్న చదువుతున్న జాక్సన్ స్టేట్‌లో చేరాడు. అది నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన విద్యాసంస్థ. అక్కడ నాలుగేళ్లలో 464 పాయింట్లు చేశాడు. కాలేజీ ఆటలో అప్పటికి అదే రికార్డు. సెలవుల్లో పెర్ల్ నది ఇసుకలో పరిగెత్తి కాళ్లకు బలం తెచ్చుకున్నాడు. ఎదుటివాడు మీదికి వస్తుంటే గీత అవతలికి తప్పుకోకూడదని, ఆ చివరి గజం కూడా పోరాడి తీసుకోవాలని అక్కడి కోచ్ బాబ్ హిల్ నేర్పాడు. ఆ పాఠం అతడు చివరిదాకా వదల్లేదు. డిగ్రీ కూడా పూర్తిచేశాడు.

సున్నాతో మొదలు

1975లో ఆటగాళ్ల ఎంపికలో దేశం మొత్తం మీద నాలుగోవాడిగా షికాగో బేర్స్ అతడిని తీసుకుంది. మొదటి ఆటలో ఎనిమిదిసార్లు బంతి అందుకుని పరిగెత్తాడు. మొత్తం కలిపి వచ్చిన గజాలు సున్నా.

మిత్రులారా, ఈ సున్నాను మీరు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత ప్రపంచ రికార్డు పుస్తకం కెక్కిన మనిషి ఖాతా ఇలా తెరుచుకుంది. ఆ ఏడాదే చీలమండ గాయంతో ఒక ఆటకు కోచ్‌లు అతడిని పక్కన కూర్చోబెట్టారు. ఆడతానన్నా ఒప్పుకోలేదు. ఆ ఒక్కటే గైర్హాజరు. ఆ సీజన్‌లో అతడికి వచ్చినవి 679 గజాలు.

మరుసటి ఏడాది నుంచి కథ మారింది. ఒక సీజన్‌లో వెయ్యి గజాలు దాటడం రన్నింగ్ బ్యాక్‌కు ఫస్టు క్లాసు లాంటిది. 1976 నుంచి 1981 వరకు వరుసగా ఆరు సీజన్లు వాల్టర్ వెయ్యి దాటాడు. 1982లో ఆటగాళ్ల సమ్మె వల్ల తొమ్మిదే ఆటలు జరిగాయి, ఆ ఏడు 596 దగ్గర ఆగాడు. మళ్లీ 1983 నుంచి 1986 వరకు నాలుగు సీజన్లు దాటాడు. పది వెయ్యిగజాల సీజన్లు చేసిన మొదటి ఆటగాడు అతడే.

1977 నవంబరు 20న మిన్నెసోటా వైకింగ్స్‌తో ఆట. వాల్టర్‌కు ఫ్లూ జ్వరం. ఆ ఒళ్లుతోనే 40 సార్లు పరిగెత్తి 275 గజాలు తీశాడు. ఒక్క ఆటలో అంతవరకు ఉన్న రికార్డు 273. బేర్స్ 10-7తో గెలిచింది. ఆ రికార్డు 2000 వరకు దాదాపు ఇరవై మూడేళ్లు నిలిచింది.

12,312 దాటిన రోజు

అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులకు 12,312 అనేది కంఠోపాఠంగా ఉండే అంకె. జిమ్ బ్రౌన్ అనే మహా ఆటగాడు 1957 నుంచి 1965 వరకు తొమ్మిది సీజన్లలో తీసిన గజాలు అవి. అతడు ఆట మానేసి పద్దెనిమిదేళ్లు దాటినా ఎవరూ ఆ అంకెను అందుకోలేదు. 1984 అక్టోబరు 7న షికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌తో ఆడుతూ మూడో పాదంలో ఒక ఆరు గజాల పరుగుతో వాల్టర్ దాన్ని దాటాడు. చూడ్డానికి అది మామూలు పరుగు. అదే రోజు వంద గజాలు దాటిన ఆటల లెక్కలో కూడా బ్రౌన్ 58ని మించి 59కి చేరాడు. ఆట అయ్యాక అమెరికా అధ్యక్షుడు రీగన్ ఫోన్ చేసి అభినందించాడు.

1985లో వరుసగా తొమ్మిది ఆటల్లో వంద గజాలు దాటి ఇంకో రికార్డు పెట్టాడు. ఆ సీజన్ చివర 1986 జనవరి 26న బేర్స్ జట్టు సూపర్ బౌల్ గెలిచింది, 46-10తో. పదకొండేళ్లుగా జట్టును మోసినవాడికి ఆ రోజు ఒక్క టచ్‌డౌన్ కూడా దక్కలేదు. గీత దగ్గరికి వచ్చాక బంతిని విలియం పెర్రీ అనే భారీకాయుడి చేతికిచ్చారు. వాల్టర్ నొచ్చుకున్నాడు. తనవల్ల పొరపాటు జరిగిందని కోచ్ మైక్ డిట్కా తర్వాత బాధపడ్డాడు. కష్టమంతా ఒకరిది, ఫొటోలో నిలబడేది ఇంకొకరు. మన ఇళ్లలో పెద్దలకు ఇది కొత్త విషయం కాదు. అయినా వాల్టర్ మరుసటి సీజన్‌లో మళ్లీ వెయ్యి గజాలు దాటాడు.

అంకె వెనుక ఏముంది?

1987 సీజన్‌తో అతడు ఆట ముగించాడు. అప్పటికి అతడి ఖాతాలో 16,726 గజాలు. మన లెక్కలో సుమారు పదిహేను కిలోమీటర్లు. ఒక ఊరి నుంచి మండల కేంద్రానికి ఉండేపాటి దూరం. దానికి పదమూడేళ్లా అని తమ్ముళ్లు నవ్వవచ్చు. కానీ ఆ దూరాన్ని అతడు 3,838 పరుగుల్లో తీశాడు. భాగిస్తే ఒక్కో పరుగుకు వచ్చేది నాలుగు గజాల పైచిలుకు మాత్రమే. అంటే నాలుగు గజాలు పోవడం, మనుషుల కింద పడడం, లేచి మళ్లీ వరుసలో నిలబడడం. గొప్ప రికార్డును విడదీసి చూస్తే లోపల కనిపించేది ఇదే.

అందుకే అతడి అంకెలన్నింటిలోకి మాకు పెద్దదిగా తోచేది 190. అతడు ఆడిన మొత్తం సీజన్ ఆటలు అవి. 1976 నుంచి చివరి దాకా గాయం పేరుతో ఒక్కటీ వదల్లేదు. వేసవిలో షికాగో శివారులోని ఒక ఏటవాలు గుట్టను రోజూ అనేకసార్లు పరిగెత్తి ఎక్కేవాడు. తోడు వచ్చినవాళ్లు మధ్యలో కూలబడేవారట. మనం వార్షికోత్సవం నాడు బహుమతులు చూస్తాం. అతడి బహుమతులు ఆ గుట్ట మీద తయారయ్యాయి.

చెప్పుకోని నొప్పి

ఇంతవరకు రాసి ఆపితే అందంగానే ఉంటుంది. కానీ నిజం సగమే చెప్పినట్టవుతుంది. అలా వరసగా ఆడడానికి అతడి శరీరం చెల్లించిన ధర ఉంది. ఆడే రోజుల్లో నొప్పి తెలియకుండా మందుబిళ్లల మీద ఆధారపడ్డాడని, ఆట మానేశాక మనసు కుంగిన రోజులు కూడా గడిపాడని 2011లో వచ్చిన జీవిత చరిత్ర చెబుతుంది. బయటికి మాత్రం అందరినీ నవ్వించే మనిషి. ఫుట్‌బాల్ జట్టుకు యజమాని కావాలని ప్రయత్నించాడు. నల్లజాతివారికి అప్పటికి తెరుచుకోని తలుపు అది. 1993లో సెయింట్ లూయిస్ నగరానికి జట్టు రాకపోవడంతో ఆ కోరిక తీరలేదు. అదే ఏడాది ఆటగాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. వేదిక మీద అతడిని పరిచయం చేసింది చిన్నవాడైన కొడుకు జారెట్.

1999 ఫిబ్రవరిలో బాగా చిక్కిపోయిన వాల్టర్ విలేకరుల ముందుకు వచ్చాడు. కాలేయంలోని పిత్తనాళాలు మూసుకుపోయే అరుదైన జబ్బు తనకు వచ్చిందని, కాలేయం మార్చాల్సి ఉందని చెప్పాడు. చెబుతూ అందరి ముందే ఏడ్చాడు. నూట తొంభై ఆటల్లో నొప్పి దాచుకున్న మనిషి, మొదటిసారి భయం దాచుకోలేదు. తర్వాత పిత్తనాళంలో క్యాన్సర్ బయటపడింది. దాంతో మార్పిడికి అవకాశం పోయింది. తనకిక పనికిరాదని తెలిసినా అవయవదానం చేయమని జనానికి విజ్ఞప్తి చేశాడు. అతడి మాట విని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎందరో దాతలుగా పేర్లు నమోదు చేసుకున్నారు. 1999 నవంబరు 1న కన్నుమూశాడు.

అతడి గజాల రికార్డును 2002 అక్టోబరు 27న ఎమిట్ స్మిత్ దాటాడు. 275ని కోరీ డిలన్, వరుస తొమ్మిదిని మార్కస్ అలెన్ దాటారు. రికార్డులు దాటడానికే ఉంటాయి. కానీ సమాజసేవ చేసే ఆటగాడికి ఆ లీగ్ ఏటా ఇచ్చే పురస్కారం వాల్టర్ పేటన్ పేరుతోనే ఉంది. 2000లో షికాగోలో తెరిచిన ఒక ప్రభుత్వ హైస్కూలుకు కూడా అతడి పేరే పెట్టారు. రంగును బట్టి బడి నిర్ణయించిన ఊరిలో పుట్టినవాడి పేరు, అన్ని రంగుల పిల్లలు చదివే బడి గుమ్మం మీద ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మొదటి పరీక్షలో సున్నా వచ్చినా, కొత్త కాలేజీలో మనల్ని వెనక బెంచీకి తోసినా, నాలుగు గజాలు చొప్పున ముందుకు పోవడం వాల్టర్ దగ్గర నేర్చుకుందాం. దాంతోపాటు అతడు చివరి ఏడాదిలో నేర్పింది కూడా నేర్చుకుందాం. హాజరు పోతుందని, ఇంటికి కబురు వెళ్తుందని జ్వరాన్ని దుప్పటి కింద దాచుకునే అలవాటు మన గదుల్లో ఉంది. పడితే లేవడం ఎంత ధైర్యమో, లేవలేనప్పుడు పక్కమంచం వాడిని పిలవడం కూడా అంతే ధైర్యం. ఎవరైనా అలా పిలిస్తే, అర్ధరాత్రి అయినా సరే, మనం లేచి వెళ్దాం.