ఆరోగ్యవరము వైద్యుడు జోహానెస్ ఫ్రిమొట్ మోలర్

తిరుపతి నుండి పీలేరు మీదుగా మదనపల్లెకు పోవువారికి, ఊరు దగ్గరపడుచుండగనే గాలి మారిన సంగతి తెలియును. ఆ పొడిగాలిని, చల్లదనమును నమ్ముకొని పలు మిషనులు కలిసి 1915 ప్రాంతమున అచ్చట క్షయరోగుల కొరకు ఒక వైద్యశాలను నెలకొల్పినవి. అదియే ఆరోగ్యవరము. దాని మొదటి వైద్యాధికారి డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలరు. ఈ వ్యాసమున మేము తలచుకొనదలచినది ఆయన కుమారుడు డాక్టరు జోహానెస్ ఫ్రిమొట్ మోలరును. తండ్రి పేరు మన పెద్దలందరికిని తెలుసు. కుమారుడు చేసిన పరిశోధన మాత్రము మనకంటె విదేశములలోని శాస్త్రజ్ఞులకే ఎక్కువ తెలుసు.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోక్ 1882 లోనే కనుగొనెను. అయినను దానిని చంపగల మందు 1940 ల వరకు దొరకలేదు. అంతవరకు విశ్రాంతి, మంచి ఆహారము, మంచి గాలి, కొందరికి శస్త్రచికిత్స, ఇంతే వైద్యము. తండ్రి ఆ రోజులలో ఆరోగ్యవరమును దేశమంతట పేరెన్నికగన్న స్థలముగా చేసి, 1939 లో ఏర్పడిన భారత క్షయ నివారణ సంఘమునకు వైద్య కమీషనరుగా వెళ్లిరి.

కుమారుని మనస్సును పట్టిన ప్రశ్న వేరు. మంచమెక్కి మన వద్దకు వచ్చిన రోగిని ఎరుగుదుము. రాని రోగులు పల్లెలలో ఎందరున్నారు? దీనిని తెలిసికొనుటకు 1950 నుండి 1955 వరకు మదనపల్లె పట్టణమునందును, చుట్టుపట్ల గ్రామములందును ఆయనయు, ఆయన సహచరులును జనులను పరీక్షించిరి. ఎక్సరే తీసిరి, కళ్లె పరీక్షించిరి, ట్యూబర్క్యులిన్ సూది వేసిరి. ముంజేతి చర్మములోనికి ఆ ద్రావకమును కొద్దిగా ఎక్కించి, రెండు మూడు దినముల తరువాత అచ్చట కట్టిన గట్టిదనమును మిల్లీమీటర్లలో కొలుతురు. సూక్ష్మజీవి ఎప్పుడైన లోపల ప్రవేశించెనా లేదా అను సంగతిని మనిషి చర్మమే చెప్పును. దేహమునే కొలబద్దగా వాడిన పరీక్ష అది.

ఇక బి.సి.జి. టీకా సంగతి. ఫ్రాన్సులో కాల్మెట్, గేరాన్ అను ఇరువురు తయారుచేయగా 1921 లో మొదట వాడబడిన ఈ టీకా, 1948 లో మన దేశమునకు వచ్చెను. దానిని మొదట వేసిన కేంద్రములలో మదనపల్లె ఒకటి. టీకా మంచిదే అని అందరును నమ్మిన దినములవి. జోహానెస్ గారు నమ్మకముతో తృప్తిపడలేదు. ట్యూబర్క్యులిన్ పరీక్షలో ఏమియు కనబడని వారిలో ఒకరు విడిచి ఒకరికి టీకా వేయించి, ఇరు పక్షములవారిని ఏండ్ల తరబడి కనిపెట్టి యుండిరి.

ఆ లెక్క 1973 లో ప్రకటింపబడెను. టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చెను. పొందని 5,808 మందిలో 47 మందికి వచ్చెను. అనగా వేయికి ఎనిమిది మందికి రావలసిన చోట ఆరు, ఏడుగురికి వచ్చెను. ఇంగ్లండులో అదే టీకా ఇచ్చిన రక్షణతో పోల్చినచో ఇది మిక్కిలి తక్కువ. మిషను వైద్యశాలలో పనిచేయు మనిషికి, తానే ఊరూర వేయించిన టీకాను గూర్చి ఇట్టి ఫలితమును వ్రాయుట సులభము కాదు. అయినను ఆ లెక్క ఉన్నది ఉన్నట్లే వ్రాయబడెను.

మన పొరుగున చెంగల్పట్టు జిల్లాలో 1968 లో మొదలైన మిక్కిలి పెద్ద పరిశోధన, 1979 లో ఇంకను కఠినమైన మాట చెప్పెను: పెద్దల ఊపిరితిత్తుల క్షయ నుండి టీకా రక్షణ ఇచ్చినట్లు కనబడలేదు. దక్షిణ దేశపు మట్టిలో, నీటిలో క్షయజీవికి జ్ఞాతులైన సూక్ష్మజీవులు అనేకము కలవు. అవి ముందుగనే దేహమునకు పరిచయమగుటచేత టీకా పని మరుగున పడునని శాస్త్రజ్ఞులు చెప్పు కారణములలో ముఖ్యమైనది. అయినను పసిబిడ్డలకు మెదడు పొరల క్షయ రాకుండ ఈ టీకా కాపాడును గనుక, పుట్టిన వెంటనే నేటికిని వేయుచున్నారు. తల్లులు మానరాదు.

ఇంతలో 1952 లో ఐసోనయాజిడ్ మందు వచ్చెను. ఇంటియొద్ద మందు తినినను వైద్యశాలలో ఉన్నంత గుణము కలుగునని 1959 లో మద్రాసు పరిశోధకులు చూపిరి. మంచములు చాలవు, మందే పల్లెకు పోవలెనని 1962 లో జాతీయ కార్యక్రమము ఆరంభమయ్యెను. ఆరోగ్యవరము వంటి స్థలముల పాతపని అట్లు ముగిసెను. నేడది అన్ని రోగములకు వైద్యము చేయు ఆసుపత్రిగా నిలిచియున్నది.

సంఘకాపరులముగా మేము ఇండ్లకు పోయినప్పుడు, దగ్గు పట్టిన కుమార్తెను లోపలి గదిలో దాచు తలిదండ్రులను నేటికిని చూచుచున్నాము. సంబంధము చెడునని వారి భయము. సాధారణ క్షయ ఆరు నెలల మందుతో కుదురును. ఆ మందు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చును. పల్లెలలో దాగిన రోగిని వెదకి, పేరు వ్రాసికొని, నిజము చెప్పిన ఆ వైద్యుని మనము గౌరవించు విధమొక్కటే: దాచకుండుట.