ఫ్లారెన్సు నైటింగేలు చరిత్రము: పరిచారికాధర్మము

దైవభక్తి ప్రార్థనామందిరమున నారంభించి ప్రార్థనామందిరముననే ముగియునది కాదు. అది నిజమైనదో కాదో తెలియవలెనన్న, మన చేతికి చిక్కిన దుర్బలునియెడ మన మెట్లు ప్రవర్తించుచున్నామో చూడవలెను. రోగికంటె దుర్బలు డెవ్వడు? అతడు తన దేహమును, తన గుట్టును, తుదకు తన ప్రాణమునుగూడ పరుల చేతిలో బెట్టి కన్నులు మూసికొనును. పరిచారిక యేమరినను అతడు కనిపెట్టజాలడు, కనిపెట్టినను అడుగజాలడు. కాబట్టి ఆమెకు కావలి యుండదగినది ఆమె యంతరాత్మ యొక్కటియే. ఈ సత్యమును తన జీవితమున జూపిన ఫ్లారెన్సు నైటింగేలు చరిత్రము సోదరీసోదరులకు తెలియదగినది.

ఆమె 1820వ సంవత్సరము మే 12వ తేదీని ఇటలీదేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే ఆమె పేరయ్యెను. తలిదండ్రులు ఆంగ్లేయులు, మిక్కిలి ధనవంతులు. తల్లికి తండ్రియైన విలియం స్మిత్తు బానిసవ్యాపారము నశింపవలెనని పార్లమెంటున పోరాడినవాడు, ఏకేశ్వరోపాసకులగు యూనిటేరియనుల హక్కులకై వాదించినవాడు. రామమోహనరాయల కాలమునుండియు మన సమాజమునకు ఆ యూనిటేరియనులతో మైత్రి కలదు. తండ్రి ఆమెకు గ్రీకు, లాటిను భాషలను గణితమును స్వయముగా నేర్పెను. 1837వ సంవత్సరమున, పదునేడవ యేట, ఈశ్వరుడు తన్ను సేవకు పిలిచెనని ఆమెకు దృఢవిశ్వాసము కలిగెను.

పిలుపు వచ్చినది గాని దారి దొరకలేదు. ఆ దినములలో ఇంగ్లండున ఆస్పత్రి పరిచారికలనగా లోకమునకు చులకన. వారిలో పలువురు చదువులేనివారనియు, మద్యపానరతులనియు చెప్పుకొనెడివారు. అట్టిచోటికి తమ కూతురు పోవుటా యని 1845లో తలిదండ్రు లడ్డుపడిరి. ఆమె వివాహమును నిరాకరించి, ఏండ్లకొలది వేచి, 1851లో జర్మనీయందలి కైజర్స్‌వెర్తు ఆశ్రమమున మూడుమాసములు పరిచర్య నేర్చుకొనెను. 1853లో లండనునందలి యొక చిన్న స్త్రీల వైద్యశాలకు అధికారిణి యయ్యెను. ఆంగ్ల మతశాఖవారినే చేర్చుకొనవలెనని నిర్వాహకులు కోరగా ఆమె యొప్పుకొనలేదు. కాథలిక్కులను, యూదులనుగూడ చేర్చుకొనవలెననియు, వారివారి మతగురువులు వారిని వచ్చి చూడవచ్చుననియు పట్టుబట్టి నెగ్గెను. వ్యాధికి మతము లేనప్పుడు పరిచర్యకు మతమెక్కడిది?

1854లో క్రిమియా యుద్ధము జరుగుచుండెను. గాయపడిన సైనికుల దుర్దశ పత్రికలలో వెల్లడికాగా, యుద్ధకార్యదర్శి సిడ్నీ హెర్బర్టు కోరికపై ఆమె 38 మంది స్త్రీలతో నవంబరు 4వ తేదీని టర్కీయందలి స్కుటారి చేరెను. వారిలో కాథలిక్కు సన్యాసినులును, ఆంగ్లమతశాఖ సోదరీమణులును, కూలికి పనిచేయు నర్సులును ఉండిరి. వైద్యులకు వీరి రాక యిష్టము లేదు. అయినను వైద్యుడు కోరనిదే రోగిని ముట్టరాదని ఆమె తనవారికి శాసించెను. ఇంకర్మను యుద్ధమున గాయపడినవారు వెల్లువగా వచ్చిపడగా వైద్యులే వారి సాయము కోరిరి. పరమతస్థుడగు రోగికి మతబోధ చేయరాదనునది ఆమె మరియొక నియమము. మంచముపై నున్న నిస్సహాయుని మనస్సును లోబరుచుకొనుట సేవ కాదు, దొంగతనము. త్రాగి పట్టుబడినవారిని నిర్దాక్షిణ్యముగా వెనుకకు పంపెను. రాత్రి యెనిమిది గంటలు దాటిన పిదప ఇతర స్త్రీలెవ్వరును రోగుల గదులలో నుండరాదని కట్టడిచేసి తాను మాత్రము దీపము చేతబూని తిరిగెను. లోకము కీర్తించిన దీపము అదియే.

ఆ దీపముకంటె గొప్ప వెలుగును ఆమె తరువాత చూపెను. ఆమె వచ్చినప్పటికిని స్కుటారిలో మరణములు తగ్గలేదు, పెరిగెను. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 వంతున మరణించిరి. మార్చిలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘమువారు మురుగుకాలువలు బాగుచేయించి, గోడలకు సున్నము కొట్టించి, గాలి వచ్చునట్లు చేసిరి. జూను నాటికి మరణములు నూటికి 2 వంతునకు దిగెను. అప్పటిలో ఆమె మరణములకు చెడుతిండియు, సామగ్రిలోపమును, రోగులను ఆలస్యముగా తెచ్చుటయు ముఖ్యకారణములని తలచెడిది. 1856లో ఇంటికి మరలి, విలియం ఫార్‌ అను గణాంకవేత్తతో లెక్కలు పరిశీలింపగా, గాయములచే చచ్చినవారికంటె రోగములచే చచ్చినవారు పెక్కురెట్లనియు, తన యాస్పత్రియే మిక్కిలి ప్రాణాంతకమైన వానిలో నొకటనియు తేలెను. దేశమంతయు ఆమెను దేవతగా కొలుచుచున్న కాలమది. మౌనము వహించినచో ఆమె నడుగువారు లేరు. అయినను ఆమె ఆ లెక్కలను చిత్రపటములుగా గీచి, 1858లో పెద్ద నివేదిక ముద్రింపించి అధికారుల కందజేసెను. తన కీర్తికంటె రాబోవు రోగి ప్రాణము ఆమెకు పెద్దదిగా దోచెను.

ప్రజలు కానుకగా నిచ్చిన నిధితో 1860లో లండను సెయింటు థామసు ఆస్పత్రియందు నర్సుల పాఠశాల వెలసెను. అచ్చట చేతిపనితో పాటు సత్యసంధత, నెమ్మది, కాలపాలన, పరిశుభ్రత మొదలగు గుణములనుగూడ పుస్తకమున గుర్తించెడివారు. 1859లో ప్రకటించిన పరిచర్యాగ్రంథమున, రోగినిగూర్చి యూహించిన దానిని చూచినట్లు చెప్పరాదనియు, బూటకపు ఆశలు పలికి రోగిని విసిగింపరాదనియు, అతని సంగతులు బయట ముచ్చటింపరాదనియు ఆమె బోధించెను. ఆమె పేర వెలసిన నర్సుల ప్రతిజ్ఞ మాత్రము ఆమె వ్రాసినది కాదు. 1893లో అమెరికాయందలి డెట్రాయిటున లిస్ట్రా గ్రెటరు మొదలగువారు కూర్చినది.

ఆమె హిందూదేశమున కాలు మోపలేదు. అయినను 1863లో ముగిసిన సైనికారోగ్య విచారణకై ఇచ్చటి దండుల లెక్కలన్నియు తెప్పించుకొని, ఆంగ్ల సైనికులలో ఏటేట వేయింటికి 69 మంది మరణించుచున్నారని చూపెను. పిమ్మట ఆమె దృష్టి రైతులమీదికి మరలెను. ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట గట్టించిన ఆర్థరు కాటను దొరతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, క్షామనివారణకు కాలువలే శరణ్యమను ఆయన వాదమును బలపరచెను.

నర్సులను పరీక్షించి పట్టికలో నమోదు చేయవలెనని 1887 మొదలు కొందరు యత్నింపగా, సుగుణమునకు పరీక్ష లేదని ఆమె ఎదిరించెను. ఆ చట్టము ఆమె గతించిన పిదప 1919లో వచ్చినది, రావలసినదే. ఎరుగని నర్సును నమ్మవలసిన రోగికి ఏదో యొక పూచీ యుండవలెను గదా. కాని పట్టా చెప్పునది చేయి యేమి నేర్చెనో యంతమాత్రమే. ఎవ్వరును చూడని వేళ ఆ చేయి యేమి చేయునో పట్టా చెప్పజాలదు.

1907లో రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను బిరుదమిచ్చెను. దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీని ఆమె పరమపదించెను. వెస్టుమినిస్టరు ఆబీలో సమాధి చేయుదుమనగా బంధువులు అంగీకరింపలేదు. ఈస్టు వెల్లో గ్రామమున ఆమె సమాధిపై పేరైనను లేదు. రెండక్షరములును జననమరణముల తేదీలును మాత్రమే కలవు.

సోదరీమణులారా! రోగిశయ్యచెంత నిలుచుట యొక వేదికపై నిలుచుట. అచ్చట అబద్ధమాడినను, గుట్టు బయటపెట్టినను, తప్పు కప్పిపుచ్చినను రోగి యెరుగకపోవచ్చును. సర్వసాక్షియగు పరమేశ్వరు డెరుగును. ఆయన సత్యస్వరూపుడు. సత్యమును విడిచిన సేవ ఆయనకు చేరదు. అట్టి సత్యసేవకు మన చేతులను యోగ్యములుగా జేయుమని ఆ దయామయుని ప్రార్థింతముగాక.