విశాఖ తీరమున పాట్రిక్ రస్సెల్ గారు

మధ్యధరా సముద్రపు తీరములయందు నేడొక వినోదము మిక్కిలి ప్రసిద్ధి చెందియున్నది. యాత్రికులు కయాకులను సన్నని పడవలలో ఒక్కరొక్కరుగ గాని యిద్దరిద్దరుగ గాని కూర్చుండి, రెండు కొనలును గల తెడ్డుతో నీటిని త్రోయుచు, దారి యెరిగిన మార్గదర్శి వెంట గట్టు నానుకొని పోవుదురు. రాళ్ళ నడుమ నీరు తేటగా నున్న చోట పడవ నాపి, కన్నులకు అద్దపు తొడుగును తగిలించుకొని, నోట నొక గొట్టమును కరచి, మొగము నీటిలో నుంచి తేలుచు, క్రింద తిరుగు చేపలను చూచుచుందురు. ఎచ్చట నీరు లోనికి లాగునో, ఏ జీవిని ముట్టరాదో ఆ తీరవాసికే తెలియును గనుక మార్గదర్శి లేక పోవుట క్షేమము గాదు.

ఈ సంగతి వినిన మా విద్యార్థి యొకడు మన సముద్రమున నిట్టివి లేవా యని మమ్ము నడిగెను. మేము వానిని, వాని తోడివారిని పూసపాటిరేగ దాపున నున్న చింతపల్లి తీరమునకు తీసికొనిపోయితిమి. మన జాలరుల తెప్పను వారెన్నడును దగ్గరనుండి చూచియుండలేదు. తేలికయైన దుంగలను కొన్నింటిని ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్ళతో బిగించినదే తెప్ప. దానికి లోతు లేదు, ప్రక్కగోడలు లేవు. కెరటము మీదికి వచ్చినచో దుంగల సందులనుండి దిగిపోవును, కావున మునుగదు. జాలరి దానిపై మోకరిల్లి తెడ్డు వేయును. ఒడ్డు చేరిన పిమ్మట కట్లు విప్పి దుంగల నెండవేయుట పూర్వాచారము. నేడు కొయ్యతెప్పలు అరుదై, ఫైబరు తెప్పలును మోటారు పడవలును వచ్చినవి గాని, కెరటములను దాటు నేర్పు మాత్రము పాతదే. మన తీరమున నీరు తరచుగా బురదతో కలగియుండును. అద్దము పెట్టుకొనినను చాలచోట్ల మూరెడు దూరము కనబడదు. అట్టి నీటిలో నేమున్నదో నీటి రంగును బట్టియు, పక్షులను బట్టియు, వల బరువును బట్టియు చెప్పగల విద్య జాలరులది.

ఆ విద్యను నమ్మి, వారు తెచ్చిన చేపలను వారు చెప్పిన పేర్లతోనే లోకమునకు తెలియజేసిన యొక వైద్యుని చరిత్రము నీ సంచికయందు వ్రాయ దలచితిమి. ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. పాములను గూర్చి చదివినవా రాయన నెరుగుదురు. మన పొలములలో మనుష్యులను చంపు రక్తపింజరికి ఇంగ్లీషున నాయన పేరే యున్నది. చేపలను గూర్చి ఆయన చేసిన పని మాత్రము మనవారిలో నెక్కువమందికి తెలియదు. ఆ పని మన జాలరుల సొత్తు గనుక, తెలియవలసినవారము మనమే.

రస్సెల్ గారు 1727వ సంవత్సరమున స్కాట్లండు దేశములోని ఎడింబరో పట్టణమున జన్మించి, అచ్చటనే వైద్యవిద్య నభ్యసించిరి. ఆయన సవతి అన్నయైన అలెగ్జాండరు రస్సెల్ గారు సిరియా దేశమందలి అలెప్పో నగరమున ఇంగ్లీషు వర్తకులకు వైద్యుడుగ నుండెను. 1750లో తమ్ముడును అచ్చటికి పోయెను. 1753లో అన్న స్వదేశమునకు మరలగా ఆ యుద్యోగము తమ్మునికి వచ్చెను. మధ్యధరా తీరపు ఇస్కందరూను రేవున దిగి, కొండలు దాటి, కొన్నిదినములు ప్రయాణము చేసినగాని అలెప్పో చేరుట లేదు. అట్టి చోట నాయన సుమారు 20 సంవత్సరములు గడపిరి.

అలెప్పోలోని రెండు విషయములు ఆయన స్వభావమును మనకు చక్కగ చూపును. మొదటిది మశూచికపు టీకాల సంగతి. ఒక తురుష్కుల యింట నంతఃపురమున వైద్యమునకు పోయినపుడు, అచ్చట నున్న యొక ముసలి బెదూయీ స్త్రీ తమ వారిలో బిడ్డలకు సూదితో మశూచికము నంటించి, దాని తీవ్రతను తగ్గించు నాచారము పూర్వమునుండి కలదని చెప్పెను. చదువురాని ముదుసలి మాటయని ఆయన త్రోసివేయలేదు. పలువురు అరబ్బులను విచారించి, అది నిజమని నిర్ధారణ చేసికొని, అన్నగారికి జాబు వ్రాయగా, ఆ జాబు 1768లో లండను రాయల్ సొసైటీవారి పత్రికయందు ప్రకటింపబడెను. రెండవది మహామారి. 1760 మొదలు 1762 వరకు అలెప్పో నగరమున ప్లేగు చెలరేగెను. ఆయన నగరమును విడిచిపోక, ప్రతిదినమును రోగుల లక్షణములను వ్రాసియుంచెను. ఈ వ్రాతలే 1791లో పెద్ద గ్రంథముగ వెలువడినవి. 1771లో అలెప్పోను వదలి ఇటలీ, ఫ్రాన్సు దేశముల మీదుగా పోవుచు, మధ్యధరా రేవులలో ఓడల వారిని కొన్నిదినములు వేరుగ నిలిపియుంచు శాలలను పరిశీలించిరి. స్వదేశమున వైద్యము చేయుచుండగా 1777లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను.

ఇంతటితో తృప్తిపడి విశ్రమింపదగిన వయస్సది. కాని తమ్ముడు క్లాడు రస్సెల్ గారికి ఈస్టిండియా కంపెనీవారు విశాఖపట్టణమున నధికారము నిచ్చిరి. తమ్మునికి తోడుగ వైద్యుడైన అన్నయు 1781లో ఓడ యెక్కి, మరుసటి యేట మన తీరమున దిగిరి. అప్పటికాయన వయస్సు 55 సంవత్సరములు. ఆ కాలమున విజయనగర సంస్థానమున పూసపాటి విజయరామరాజు గారును, దివానుగ సీతారామరాజు గారును ఉండిరి. కంపెనీవారికిని సంస్థానమునకును పేష్కషు విషయమై చిక్కులు పెరుగుచుండెను. ఆ చిక్కులు 1794లో పద్మనాభ యుద్ధమునకు దారితీసినవి. రస్సెల్ సోదరులు కంపెనీ పక్షమువారే. ఈ మాట మరుగుపరచి చరిత్రము వ్రాయుట తగదు. అయినను అన్నగారి దృష్టి పన్నులమీద గాక, పాములమీదను, చేపలమీదను, మొక్కలమీదను ఉండెను.

కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగ నున్న కోనిగ్ గారు 1785లో కాకినాడ దాపున జగన్నాథపురమున మరణింపగా, ఆ పదవి రస్సెల్ గారికి వచ్చెను. తరువాత ఆ పదవి నందినవారు సామర్లకోటలో తోట వేసిన రాక్స్‌బరో గారు. ఆయన వ్రాసిన కోరమండలపు మొక్కల గ్రంథమునకు రస్సెల్ గారు పీఠిక వ్రాసిరి.

పాములను గూర్చి ముందు చెప్పవలెను. మన దేశమున పాముకాటువలన చచ్చువారు లెక్కకు మీరియుండిరి. కరచినది విషముగలదో లేనిదో తెలియక, విషములేని పాము కాటునకు మందుపోసినవాడు ప్రాణదాతగ పేరుపొందుచుండెను. నిజముగ విషము సోకిన వాడు మరణించినచో తలవ్రాత యని ఊరకుండుచుండిరి. ఏ పాము విషము గలదో ప్రజలు కంటితోనే గుర్తింప గలుగవలెనని రస్సెల్ గారి కోరిక. పాములను తెప్పించి, కోరలు పరీక్షించి, కోళ్ళను కుక్కలను కరపించి, ఎంతసేపటికి చచ్చునో లెక్కకట్టి వ్రాసిరి. తంజావూరు మాత్రలు మొదలైన మందులను గూడ పరీక్షించి చూచిరి. ఆ మూగజీవుల బాధ చదువుటకు మాకు కష్టముగ తోచినదని యొప్పుకొనుచున్నాము. ఆ పరీక్షలవలననే కాటుకరేకులపొడ యని మనవారు పిలుచు పాము త్రాచుతో సరితూగునంతటి ప్రమాదకరమని తెలిసెను. రక్తపింజరి యనునదియు నిదియే. 1797లో షా గారు దీనికి పెట్టిన శాస్త్రీయ నామమున రస్సెల్ పేరు చేరినది. ఇంకొక చిత్రము వినుడు. నలుపు పసుపు పట్టెలుగల కట్లపామును మనవారు బంగారుపాము అనుచుండగా ఆయన ఆ పేరునే గ్రంథమున వ్రాసెను. దానినిబట్టి 1803లో ఫ్రెంచి పండితుడు డోడిన్ ఆ జాతి మొత్తమునకు బంగారస్ అని పేరుపెట్టెను. నేడు ప్రపంచమున ఏ దేశమున కట్లపామును గూర్చి వ్రాసినను, తెలుగు బంగారము ఆ పేరిట నున్నది.

ఇక చేపలు. ఒడ్డుననే కాపురముండు రస్సెల్ గారికి కన్నుల కద్దము లేదు, నోటికి గొట్టము లేదు. ఆయనకు సముద్రగర్భము తెప్పలమీద నింటికి వచ్చుచుండెను. జాలరులు దెచ్చిన ప్రతి చేపను కొలిచి, రెక్కలలోని ముండ్లను లెక్కించి, రంగు మారకమునుపే మన దేశపు చిత్రకారునిచేత బొమ్మ వ్రాయించెను. చేప నీటినుండి తీయబడిన కొంతసేపటికే దాని వన్నె చెడునని మన తీరమున చిన్నబిడ్డయు నెరుగును. కావున ఇది త్వరగా జరుగవలసిన పని. ఇట్లు 200 చేపలు పూర్తియైనవి. 1789లో ఆయన ఇంగ్లండునకు మరలి, ఆ బొమ్మలను, వర్ణనలను సరిచేయుచు నుండి, కంపెనీవారి యాజ్ఞమీద 1803లో రెండు సంపుటములుగ ప్రకటించెను. విశాఖపట్టణమున సేకరించిన చేపలని గ్రంథనామముననే యున్నది.

ఆ గ్రంథమున మమ్ము ముగ్ధులను చేసిన విషయ మొకటి కలదు. లినేయసు పండితుని పద్ధతి ననుసరించి ప్రతి జీవికి లాటిను భాషలో రెండు మాటల పేరు పెట్టుట అప్పటికి పండితులలో గొప్పతనము. కొత్తచేపను చూచినవాడు తన పేరో, తన ప్రభువు పేరో తగిలింప గలడు. రస్సెల్ గారు చాలచేపల విషయమున నట్లు చేయక, జాలరులు చెప్పిన పేరునే బొమ్మ క్రింద వ్రాసి యూరకుండిరి. పుటలు త్రిప్పుచు పోయినచో వింజరము వచ్చును, కోనము వచ్చును, జెల్లో వచ్చును, కానగుర్త వచ్చును. ఇవి నేడును మన చేపల బజారున నరచి యమ్ము పేర్లే. వింజరము మాత్రము నేటి వంజరము. పేర్లను చెవితో విని ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుటవలన కొన్ని వికృతరూపములు పొందినవి. వానిలో కొన్నింటిని పోల్చుకొనుటకు మాకే కష్టమైనది. మావద్ద చదువు జాలరిపిల్లవాడొకడు తన తాతను అడిగివచ్చి మాకు రెండు పేర్లు విడదీసి చెప్పెను. ఆ సాయంకాలము మేమును వాని శిష్యులమైతిమి.

తరువాత ఫ్రెంచి పండితుడు కువియే గారు చేపలకు శాస్త్రీయ నామముల నిచ్చుచు, రస్సెల్ గారి గ్రంథమును ముందుంచుకొని, అందలి తెలుగు పేర్లను కొన్నింటి నట్లే గ్రహించెను. 1816లో కానగుర్తకు కానగుర్త యనియే పెట్టెను. 1829లో బరాకుడా జాతి చేప యొకదానికి జెల్లో యను పేరు నిలిపెను. పారిసు నగరమున నొక మహాపండితుడు లాటిను వ్రాయుచు, పాదరక్షలు లేక యిసుకమీద నిలిచిన మన జాలరి మాటను వ్రాసెనన్నమాట. ఆ జాలరుల పేర్లుగాని, బొమ్మలు వ్రాసిన చిత్రకారుని పేరుగాని చరిత్రకెక్కలేదు. పాముకు రస్సెల్ గారి పేరు దక్కినది. తెప్ప నడిపినవానికి ఏదియు దక్కలేదు. ఈ లోపము ఒక్క రస్సెల్ గారిది గాదు, ఆ కాలమునది. కాని లోపము లోపమే.

స్వదేశమున కడపటి సంవత్సరములను ఆయన గ్రంథరచనయందే గడపెను. అన్నగారు 1756లో వ్రాసిన అలెప్పో చరిత్రమును పెంచి 1794లో మరల ప్రకటించెను. పాముల మొదటి గ్రంథము 1796లో వెలువడెను. రెండవ గ్రంథమున కొన్ని భాగములు ఆయన మరణానంతరమున గాని పూర్తి కాలేదు. ఆయన వివాహము చేసికొనలేదు. 1805 జూలై 2వ తేదీన లండనులో మరణించెను. అప్పటికి 78 సంవత్సరములు.

కానగుర్త సంగతి యింకను కొంచెము మిగిలియున్నది. ఆ చేప ఎఱ్ఱసముద్రము మొదలు ఆస్ట్రేలియావరకు గుంపులుగుంపులుగ తిరుగును. 1869లో సూయజు కాలువ త్రవ్వి తెరచిన పిమ్మట ఎఱ్ఱసముద్రపు చేపలు పెక్కు ఆ దారిని ఉత్తరమునకు పోజొచ్చినవి. వానితో కానగుర్తయు పోయినది. మధ్యధరా సముద్రపు తూర్పుభాగమున నది పట్టుబడినట్లు 1970లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రస్సెల్ గారు యౌవనమున ఓడ దిగిన తీరమునకు ఆ జలములు దూరము గావు. అచ్చట కయాకు ప్రక్కన మొగము నీట నుంచి తేలు యాత్రికుడు, వెండిరంగు చేపల గుంపొకటి తన క్రిందుగ పోగా నదేమియని మార్గదర్శి నడిగి, శాస్త్రగ్రంథమున వెదకినచో, ఆతనికి దొరకు పేరు కానగుర్త.