మల్లవీరుడు గామా

మల్లవిద్య యనగానే ఆంధ్రులకు కోడి రామమూర్తినాయుడుగారు స్ఫురింతురు. యావద్భారతమునకు స్ఫురించు పేరు గామా. 1878లో జన్మించిన ఈ గులాం మహమ్మదు బక్షు, దేశమున తనకు దీటైన రహీం బక్షును తప్పించుకొనక పలుమార్లు ఎదుర్కొనెను.

1910లో ఆయన లండనున కేగెను. వ్యయము భరించినది వంగీయుడగు శరత్ కుమార్ మిత్రా. హుగ్లీతీరమున షాలిమారులో వసించు మనకిది ముచ్చట గొలుపు విషయము. పొట్టివాడని పోటీలో చేర్చుకొనకపోగా, గామా అచ్చటి మల్లులనందరిని బహిరంగముగా సవాలు చేసెను. అమెరికా మల్లుడు రోలరు ఓడెను. సెప్టెంబరు 10న పోలెండు మల్లుడు జిబిస్కో రెండున్నర గంటలకు పైగా నేలనంటిపెట్టుకొని ఓటమి తప్పించుకొనెను. 17న మరల పోరవలసియుండగా రానేలేదు. జాన్ బుల్ పటకా గామాకు దక్కెను. తిరిగివచ్చి, అలహాబాదున రహీం బక్షును గూడ గెలిచెను.

జిబిస్కో 1928లో పటియాలాకు వచ్చి, నిమిషము గడువకముందే ఓడెను. ఓడియు, పారిపోయెనను అపవాదును బాపుకొనెను. 1910 నాటి జగజ్జెట్టి, అమెరికావాసి ఫ్రాంకు గాచి గామాతో తలపడకయే 1917లో మరణించెను. వారిలో నెవరధికులను సందేహము తీరనేలేదు. గామా 1960లో లాహోరున కన్నుమూసెను. బలవంతుని ఎదుర్కొని ఓడుటకంటె, ఎదుర్కొనకుండుటయే జెట్టి కీర్తికి లోటు.