శ్రీ మాదరి భాగ్యరెడ్డి వర్మగారు

మనుష్యులను హీనస్థితియందుంచుటకు సంకెళ్లు అక్కరలేదు. వారి వాడను ఊరికి వెలుపల నిలిపి, వారికి చులకనయగు పేరు పెట్టి, వారి బిడ్డల చేతికి పలక అందనీయకున్న చాలును. ఈ మూడు అన్యాయములను ఎదిరించి జీవితమంతయు పాటుపడిన తెలుగువారిలో శ్రీ మాదరి భాగ్యరెడ్డి వర్మగారు అగ్రగణ్యులు. వారి చరిత్రము మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియుట మిగుల అవసరమని తలచి ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వర్మగారు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన హైదరాబాదు నగరమున ఒక బీద మాల కుటుంబమున జన్మించిరి. తండ్రి వెంకయ్యగారు, తల్లి రంగమాంబగారు. మొదట వారి పేరు భాగయ్య. కుటుంబగురువు దానిని భాగ్యరెడ్డియని మార్చెను. రెడ్డి యను మాట ఏలికయను అర్థముగల రేడు శబ్దమునుండి వచ్చినదనియు, ఈ నేలను ఆదియందు ఏలినవారు వారి పూర్వులే యనియు ఆయన ఉద్దేశము. పిమ్మట ఆర్యసమాజమువారు వర్మ యను బిరుదమును చేర్చిరి. ఇంట బీదరికముండుటచే పెద్ద చదువులు చదువు అవకాశము కలుగకపోయినను, స్వయంకృషిచే వారు విద్యను, వాక్పటిమను సంపాదించుకొనిరి.

నాటి హైదరాబాదు సంస్థానము నిజాము ప్రభువు ఏలుబడిలో నున్నను, ఆయనపై ఆంగ్లేయుల ఆధిపత్యముండెను. సికింద్రాబాదు దండులో తెల్లవారి బారకులు, క్లబ్బులు వేరు. మన పల్లెలలో మాల మాదిగల వాడలు వేరు. పల్లెలలోని వేర్పాటు ఆంగ్లేయులు తెచ్చినది కాదు. వారు రాకపూర్వమే యున్నది. కాని వారి పరిపాలన దానికి లెక్కల పుస్తకమును, జాతిశాస్త్రమను ముసుగును చేకూర్చెను. 1901వ సంవత్సరపు జనాభా లెక్కల అధికారియగు రిస్లీ దొర, ముక్కుల కొలతలనుబట్టి కులభేదములు జాతిభేదములే యని నిరూపింపజూచెను. ఇక సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములందు దేశముఖుల గడీలక్రింద వెట్టిచాకిరి సాగుచుండెను. మాదిగలు చెప్పులు, తోలు బొక్కెనలు కూలి లేకయే కుట్టి యియ్యవలెను. మాలలు మూటలు, కబుర్లు మోసికొని ఊరూరు తిరుగవలెను. తాము కుట్టిన బొక్కెననే ఊరిబావిలో వేయుటకు వారికి హక్కు లేకుండెను.

ఇట్టి కాలమున, పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1906లో వర్మగారు హైదరాబాదునందు జగన్మిత్ర మండలిని స్థాపించిరి. హరికథలు, భజనలు చెప్పించి జనులను సమకూర్చి, మద్యపానమును, బాల్యవివాహములను, జంతుబలులను మానుడని బోధించిరి. బాలికలను దేవతలకు అర్పించి జోగినులుగా చేయు దురాచారముపై తీవ్రముగా పోరాడిరి. 1911లో ఆ మండలి మాన్యసంఘమయ్యెను. తరువాత ఆది హిందూ సంఘసేవా సమాజముగా మారెను. అయితే వారి సేవలన్నిటిలో మిన్నయైనది విద్యాదానము. ఇతర బడులలో తమ బిడ్డలకు చోటు దొరకుట దుర్లభమైనందున, 1910లో వారే పాఠశాలలు తెరువ నారంభించిరి. ఇరువది యేండ్లు దాటునప్పటికి అవి 26 అయి, వానిలో సుమారు 2500 మంది బాలబాలికలు చదువుకొనుచుండిరి. రాజాశ్రయము లేని ఒక బీదవాడు చందాలు పోగుచేసి యింత కార్యము సాధించుట ఎంత కష్టమో ఉపాధ్యాయులమగు మేము ఊహింపగలము.

వర్మగారి కీర్తిని తెలుగుదేశమంతట వ్యాపింపజేసినది 1917లో బెజవాడలో జరిగిన మహాసభ. దానికి పంచమ మహాజన సభయని పేరు పెట్టియుండిరి. అధ్యక్షులుగా వచ్చిన వర్మగారు మొదట ఆ పేరునే ఆక్షేపించిరి. వర్ణములు నాలుగేయని చెప్పు శాస్త్రములలో ఐదవదెక్కడిదని వారి ప్రశ్న. తామీ భూమియొక్క ఆదినివాసులమని వాదించి, ఆ సభకు ఆది ఆంధ్ర సభయను పేరును ఒప్పించిరి. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము ఆది హిందువులను పేరును అంగీకరించుట వారి కృషిఫలమే. కులముల తక్కువతనమును ముద్రవేసిన ఆ లెక్కల పుస్తకములోనే వారు తమవారికి గౌరవనామమును వ్రాయించిరి. కులములు వేర్వేరు రక్తపు జాతులని నేటి పండితులు అంగీకరింపరు. అయినను వర్మగారి పట్టుదలలోని సారము చెడలేదు: మనుష్యునకు పేరు పెట్టు అధికారము వానిని అణచువారిది కారాదు.

1939వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన, ఏబది యేండ్ల వయస్సున, వర్మగారు పరమపదించిరి. స్వాతంత్ర్యమును వారు చూడలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసెను. ఆ యేటనే దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను రాజ్యధర్మముగా ప్రకటించిన పక్షము అధికారమునకు వచ్చెను. ఇచట 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగముయొక్క 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. అచట నల్లవారికి ఓటుహక్కు 1994లోగాని లభింపలేదు. ఉభయదేశములును ఒక పాఠమునే నేర్చినవి. చట్టము ఒక దినమున మారును; ఎవరి యిల్లు ఎచట నున్నది, ఎవరి పొలము ఎంత, ఎవరి బిడ్డ ఎవరి ప్రక్కన కూర్చుండును అనునవి ఒక దినమున మారవు. అందుచేతనే మనదేశమున 1955లో ఒక చట్టము, 1989లో మరియొక చట్టము చేయవలసివచ్చెను.

దూరమేల? 2018 సెప్టెంబరు 14వ తేదీన మన మిర్యాలగూడలోనే, అన్యకులపు కన్యను వివాహమాడినందుకు ఒక దళిత క్రైస్తవ యువకుడు, గర్భవతియైన భార్య కన్నులయెదుట, ఆసుపత్రి వాకిట హతుడయ్యెను. 2025 మార్చిలో నల్గొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆరుగురికి యావజ్జీవ శిక్షయు విధించెను. న్యాయస్థానము చేయగలిగినది అది చేసెను. పోయిన ప్రాణమును ఏ తీర్పును తిరిగి తేజాలదు. అట్టి ద్వేషము మొలకెత్తకుండ చూచుట ఇంటిలోను, బడిలోను జరుగవలసిన పని.

క్రైస్తవులమగు మనము ఇతరులను మాత్రమే నిందించి ఊరకుండరాదు. ఒకే ప్రభువును సేవించుచు మాలలకొక మందిరము, మాదిగలకొక మందిరము ఉంచుకొనిన సంఘములు లేకపోలేదు. పెండ్లి సంబంధము వచ్చినప్పుడు కులము మొదట అడుగు విశ్వాసులును కలరు.

విద్యార్థులారా! మీ యూరిలో వాడనుండి వచ్చిన వృద్ధుని ఏకవచనమున పిలుచు అలవాటున్నచో, రేపటినుండి తాతా యని పిలువుడు. హోటలులో ఎవరికైనను వేరు గ్లాసు పెట్టుట కనుపడినచో, ఎందుకని అడుగుడు. తలిదండ్రులారా! మీ బిడ్డ స్నేహితుని కులమడుగక అన్నము పెట్టుడు. వర్మగారు కోట్ల ధనముతో కాక, ఒక పేరు, ఒక పలక, ఒక భజనతో ప్రారంభించిరి. వారు ప్రారంభించిన పని నేటికిని పూర్తికాలేదు. దానికి చేతులు కావలసియున్నవి.